మువ్వక్క ఎత్తిన కుడి చెయ్యి

2022 మార్చి. చిలకలూరిపేట నుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో, ఓ ఊరి ప్రైవేటు బడిలో అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా నేను ఎల్‌కేజీ టీచర్ని. బడికి ఒక పక్క జిన్నింగ్ మిల్లు, ఇంకో పక్క మిరప కల్లాలు. పత్తి కాలంలో కిటికీల్లోంచి దూది ఎగిరొచ్చి పిల్లల జుట్టులో చిక్కుకుంటుంది. మిరప కాలంలో క్లాసు క్లాసంతా ఒక్కసారే తుమ్ముతుంది. నా పేరు ఎస్తేరు. ఊళ్ళో అందరికీ ఎస్తేరు టీచర్ని, పిల్లలకు ఉట్టి టీచర్ని.

ఎల్‌కేజీ అంటే అక్షరాలు నేర్పడమే అనుకుంటారు చాలామంది. అక్షరం చాలా తర్వాత సంగతి. ముందు ఏడుపు ఆపాలి, తర్వాత కూర్చోబెట్టాలి, ఆ తర్వాత కూర్చున్నవాళ్ళని మళ్ళీ లేపాలి, ఎందుకంటే మూడున్నరేళ్ళ పిల్ల పది నిమిషాల కంటే ఎక్కువ కూర్చోలేదు. ఈ మూడు పనులకీ నా దగ్గర ఉన్నది ఒకటే మందు, యాక్షన్ సాంగ్. ప్రతి మాటకీ చేతులూ కాళ్ళూ ఆడిస్తూ, గెంతుతూ పాడే పాట. అంకెలు, వారాలు, రంగులు, చేతులు కడుక్కోవడం, అన్నిటికీ నా దగ్గర పాటలున్నాయి. అన్నీ నేను కట్టినవే.

ఇది నాకు చర్చిలో అబ్బిన విద్య. మా అమ్మ బైబిల్ ఉమన్, అంటే ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే మనిషి. వేసవి సెలవుల్లో చర్చిలో పిల్లలకు పది రోజులు వీబీఎస్ క్లాసులు జరుగుతాయి. అక్కడ పాటలు నేర్పే పని అమ్మది. నాకు పదేళ్ళప్పుడే నన్ను ముందు వరసలో నిలబెట్టింది. దేవుడి పాటలకు చేతులు ఊపడం వచ్చినదానికి అంకెల పాటలకు ఊపడం ఎంతసేపు.

ఈ పనిలో ఒక కిటుకుంది. మా టీచర్లు దాన్ని మిర్రరింగ్ అంటారు. పిల్లలకు ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి" అని పాడేటప్పుడు టీచర్ ఎత్తాల్సింది తన ఎడం చెయ్యి. పసిపిల్లలు మనల్ని అద్దంలో తమను చూసుకున్నట్టు చూస్తారు. వాళ్ళ కుడి వైపున మన ఏ చెయ్యి కనబడితే దాన్ని చూసి తమ కుడి చెయ్యి ఎత్తుతారు. మనం నిజంగా కుడి చెయ్యి ఎత్తామా, వాళ్ళు ఎడం ఎత్తి అదే కుడి అని నేర్చుకుంటారు. మా అమ్మ ఇది నాకు నెత్తిన మొట్టి నేర్పింది. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా పిల్లల ముందు నా చేతులు వాటంతట అవే తిరగబడతాయి.

ఆ మార్చిలో మా బడి వార్షికోత్సవం వీడియో తీయడానికి గుంటూరు నుంచి శ్రీనివాసరావుగారని ఒకాయన వచ్చారు. పెళ్ళి వీడియోలు తీసే మనిషి. కరోనా రోజుల్లో పెళ్ళిళ్ళు పడిపోయి, పిల్లలకు పాటల వీడియోలు చేద్దామన్న ఆలోచనలో ఉన్నారు. నా పిల్లలు స్టేజీ మీద గెంతుతుంటే కెమెరా పక్కవాళ్ళకిచ్చి మరీ చూశారు. అయ్యాక నా దగ్గరికొచ్చి, పది పాటలు ఇమ్మన్నారు. పెన్‌డ్రైవ్‌లో వేసి సెల్ షాపుల్లో అమ్మిస్తే, నెట్ సరిగ్గా అందని ఊళ్ళలో కూడా టీవీకి పెట్టుకుని చూస్తారట.

"వినుకొండ దాకా ఏ ఇంటికెళ్ళినా మీ పాటే మోగుద్ది టీచర్గారూ" అన్నారు.

నా పాట మోగుతుందంటే నేనే కనబడతాననుకున్నాను. అనుకోవడంలో తప్పేముంది? చిలక పచ్చ మంగళగిరి చీర కొన్నాను, తెర మీద కొట్టొచ్చినట్టు ఉంటుందని. జాకెట్ కుట్టించాను. తలకు రంగేసుకున్నాను. మా ఆయన రెండు రోజులు నన్ను హీరోయిన్ గారూ అని పిలిచాడు. పైకి కసురుకున్నాను గానీ లోపల బాగానే ఉంది.

ఆ చీర కట్టుకునే మొదటిరోజు గుంటూరు స్టూడియోకి వెళ్ళాను. అక్కడ ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతె గోడకి చేరి కాళ్ళకు మువ్వలు కట్టుకుంటోంది. పేరు హారిక. మంగళగిరిలో మగ్గం నేసేవాళ్ళ అమ్మాయి, డిగ్రీ అయిపోయింది, చిన్నప్పటి నుంచి డాన్సు నేర్చుకుంది. నన్ను చూడగానే లేచి నమస్కారం పెట్టింది. శ్రీనివాసరావుగారు చాలా మామూలుగా చెప్పారు, పాటలు నావి, స్టెప్పులు నావి, తెర మీద మాత్రం ఈ అమ్మాయి అని. పేరు కూడా అనుకున్నారట, మువ్వక్క.

నా మొహం చూసి కాబోలు, సర్ది చెప్పబోయారు. "టీచర్ బళ్ళో ఉండనే ఉంది కదండీ. ఇంట్లో పిల్లలకు కావాల్సింది అక్క."

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అది నా విషయంలోనే పుట్టిందనిపించింది. తిరిగి వెళ్ళిపోవచ్చు. కానీ వెళ్ళిపోతే చీర కట్టుకొచ్చి మరీ అలిగిందని అందరికీ తెలుస్తుంది. నవ్వు మొహం పెట్టి, "అమ్మాయి బాగుందండీ, పిల్లలకు నచ్చుతుంది" అన్నాను. ఆ నవ్వు పట్టుకుని బస్సెక్కి ఇంటిదాకా వచ్చాను.

మర్నాటి నుంచి బడి అయ్యాక నేర్పడం. పెద్దవాళ్ళకు నేర్పేటప్పుడు ఎదురుగా నిలబడం, పక్కపక్కన నిలబడతాం. స్టూడియో గదిలో ఒక పెద్ద అద్దం ఉంది. ఇద్దరం దాని ముందు నిలబడి, కుడి అంటే కుడి, ఎడమంటే ఎడమ, ఉన్నదున్నట్టు చేసేవాళ్ళం. అంతా వచ్చేశాక ఆఖర్న ఒకరోజు మొత్తం తిప్పి చేయించాలి. ఎవరికి నేర్పినా నేను పాటించే వరస అదే.

ఆ పిల్లలో తప్పు దొరికితే నాకు కొంచెం ఊరటగా ఉండేది. దొరకలేదు. ఒకసారి చూపిస్తే పట్టేసేది. నా మోకాళ్ళు మానేసి నాలుగేళ్ళయిన గెంతు అది నవ్వుతూ గెంతేది. నేను చెమట తుడుచుకుంటుంటే నీళ్ళ గ్లాసు తెచ్చి ఇచ్చేది. ఆ నీళ్ళు తాగుతూ కూడా నేను దాని నడుం వంక చూసి ఏడిచాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా జరిగింది జరిగినట్టు రాయకపోతే ఈ కథ చెప్పి ప్రయోజనం లేదు.

పది పాటల్లో తొమ్మిదింటికి ఏ చెయ్యి ఎత్తినా నష్టం లేదు. ఒక్కదానికే ఉంది. అది కుడి చెయ్యి పాట.

కుడి చెయ్యి కుడి చెయ్యి, ముద్ద నువ్వే కలపాలి
ఎడం చెయ్యి ఎడం చెయ్యి, గిన్నె నువ్వే పట్టాలి

ఏప్రిల్లో, సెలవులివ్వడానికి ముందు, హారిక ఒకరోజు మా క్లాసు చూడ్డానికి వచ్చింది. వెనక గోడ దగ్గర పిల్లల చిన్న కుర్చీలో కూర్చుని నేను చేసేదంతా కన్నార్పకుండా చూసింది. క్లాసయ్యాక పిల్లలు దాని మీద పడ్డారు. మువ్వలు మోగించమని ఒకరు, జడ పట్టుకుని ఒకరు, ఒళ్ళో కూర్చుని ఇద్దరు. సంవత్సరమంతా ముక్కులు తుడిచింది నేను. రెండు గంటలు కూర్చున్నదాన్ని రేపు కూడా రమ్మని బతిమాలుతున్నారు. నేను బోర్డు తుడవడానికి అటు తిరిగాను.

వరండాలోకి వచ్చాక హారిక మెల్లిగా అడిగింది. "మేడమ్, కుడి చెయ్యి అన్నప్పుడు మీరు ఎడం చెయ్యి ఎత్తారు. నేనూ అట్టాగే తిప్పి చెయ్యాలా?"

ఇంకో రెండు రోజుల్లో నేనే చెప్పాల్సిన మాట అది. ఆ పిల్ల తనంతట తను పట్టుకుంది. మా అమ్మ మొట్టితే గానీ నాకు ఎక్కనిది దానికి ఒక్కసారి చూస్తే ఎక్కింది. ఆ మంట మీదే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"అది నా పొరపాటమ్మా. వయసు మీద పడుతోంది కదా. నువ్వు మాత్రం నేర్పినట్టే చెయ్యి."

"సరే మేడమ్" అంది. నమ్మింది.

ఏమాశించి అలా అన్నానో నాకు బాగా తెలుసు. వీడియో బయటికొచ్చాక ఏ ఊళ్ళోనో ఏ టీచరో తప్పు పట్టుకుంటుంది, మువ్వక్కకు ఏమీ రాదంటారు, ఎస్తేరు టీచరే ఉండుంటే ఇలా జరిగేది కాదంటారు. పిల్లలేమవుతారన్న ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళుంటారు, సర్దుకుంటారులే అనుకుని పక్కకు తోసేశాను.

మే నెలలో షూటింగ్ జరిగింది. వెనక గోడ మీద అక్షరాలు, అంకెలు పెద్దపెద్దగా నేనే రంగులతో రాసిచ్చాను. కుడి చెయ్యి పాట తీసేటప్పుడు నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. హారిక నిజం కుడి చెయ్యి ఎత్తింది, కెమెరా చూసింది, నేను చూశాను, ఎవరూ ఏమీ అనలేదు.

దసరాకి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. నా పేరు చివర్లో, అందరూ టీవీ కట్టేసే సమయానికి, చీమంత అక్షరాల్లో పడింది. ఊరు ఊరంతా మువ్వక్కే. పిల్లలు బళ్ళోకి రాగానే మువ్వక్క పాట పెట్టమని నన్నే అడిగేవాళ్ళు, నా పాటని. ఇంకా కడుపుమంట ఏమిటంటే, తప్పు ఎవరూ పట్టుకోలేదు. ఒక్కరు కూడా. నా క్లాసులో కొందరు చేతులు తారుమారు చేస్తున్నారని నాకు కనబడుతూనే ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తకుండా, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే పట్టుకుని సరిచేసుకుంటూ వచ్చాను. నా క్లాసు బయట ఉన్న పిల్లల సంగతి తలుచుకోలేదు.

క్రిస్మస్ సెలవుల తర్వాత లాస్య చేరింది. నాలుగేళ్ళు. వాళ్ళమ్మ మిరపకోతలకు తెల్లారకముందే ట్రాలీ ఎక్కి వెళ్ళిపోతుంది, పొద్దుగూకాక వస్తుంది. నాన్న చీమకుర్తిలో గ్రానైట్ లారీ మీద. పిల్లని చూసేది నానమ్మ సుబ్బమ్మ. బడికి రాక ముందు మూడు నెలలూ ఇంట్లో ఆ పిల్లకు తోడు టీవీలో మువ్వక్కే. పది పాటలూ నోటికొచ్చు. ఇంత హుషారైన పిల్ల వచ్చిందని సంబరపడ్డాను.

రెండో వారంలో అనుకుంటాను. మధ్యాహ్నం పిల్లలంతా బాక్సులు తెరిచి తింటున్నారు. లాస్య బాక్సు ముందు పెట్టుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పప్పన్నం అలాగే ఉంది. దగ్గరకెళ్ళి ఎందుకు తినట్లేదని అడిగాను.

"ఏ చేత్తో తినాలి టీచర్?" అంది.

"కుడి చేత్తో తల్లీ."

ఎడం చెయ్యి బయటికి తీసింది. అన్నం దాకా తీసుకెళ్ళి, నా మొహం చూసి గబుక్కున మళ్ళీ తొడ కింద పెట్టేసుకుంది. ఆ క్షణంలో చూశాను, వేళ్ళ కణుపులు వాచి ఎర్రగా ఉన్నాయి.

"కుడి చేత్తో తింటే నానమ్మ కొట్టిద్ది" అంది, నాకొక్కదానికే వినబడేట్టు.

దాని మాటకి అర్థం ఆ బళ్ళో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ పూట నేనే ముద్దలు కలిపి పెట్టాను. సాయంత్రం దాని చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

సుబ్బమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. మంచిదే మనిషి. నన్ను చూసి చేతులు కడుక్కుని కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. నేను అడక్కముందే తన బాధ చెప్పుకొచ్చింది. పిల్ల మొదట్లో చక్కగానే తినేదట. ఈ మధ్యే ఈ వంకర బుద్ధి పట్టుకుందట. రేపు బంతిలో కూర్చుంటే నలుగురూ నవ్వరా అని ఆవిడ భయం.

"కుడి చేత్తో తినవే అని మంచిగా చెప్తానా, కావాలని ఎడం చెయ్యి పెట్టిద్ది టీచరమ్మా. ఎంత చెప్తే అంత మొండి. గరిటె కాడ తీసుకున్నా మానట్లా."

ఈలోగా లాస్య టీవీ పెట్టింది. టీచర్ వచ్చిందన్న సంబరంలో దెబ్బల సంగతి మరిచిపోయింది. తెర మీద మువ్వక్క, వెనక గోడ మీద నేను రాసిన అక్షరాలు. "కుడి చెయ్యి కుడి చెయ్యి" అంటూ మువ్వక్క కుడి చెయ్యి ఎత్తింది. లాస్య ఎడం చెయ్యి ఎత్తింది, అడుగు తప్పకుండా, వేళ్ళు విప్పి, మెడ అదే వాటంగా తిప్పి. అంత బాగా నేర్చుకున్న పిల్లని నేను పద్దెనిమిదేళ్ళలో చూడలేదు. చెప్పింది చెప్పినట్టు చేసినందుకే అది దెబ్బలు తింటోంది.

"దాని తప్పు లేదు పెద్దమ్మా. పాటలోనే తప్పుంది" అన్నాను. లేచి టీవీ పక్కన నిలబడి, ఎదురుబొదురుగా చేతులెత్తి అర్థమయ్యేలా చూపించాను. సుబ్బమ్మకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. మనవరాలిని దగ్గరికి లాక్కుని, కొబ్బరినూనె సీసా తీసి ఆ వేళ్ళకు రాస్తూ కూర్చుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది.

"ఆ పిల్లకి అట్టా నేర్పిందెవరు?"

నీళ్ళ గ్లాసు కింద పెట్టి, చీకటి పడుతోందని చెప్పి బయటికొచ్చేశాను.

ఆ ఆదివారం చర్చిలో ఏం పాడారో నాకు తెలియదు. ప్రార్థన అవగానే గుంటూరు బస్సెక్కాను. స్టూడియోలో శ్రీనివాసరావుగారితో, కుడి చెయ్యి పాటలో చేతులు తిరగబడ్డాయి, పిల్లలు తప్పు నేర్చుకుంటున్నారు అని చెప్పాను. ఎందుకు తిరగబడ్డాయో చెప్పలేదు. ఇంకా దాచుకుందామనే ఉంది నాకు. ఆయన కంగారు పడలేదు. కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే బొమ్మ మొత్తం అటూ ఇటూ మారిపోతుందని నొక్కి చూపించారు. నిజమే, హారిక కుడి చెయ్యి ఎడమైంది. హమ్మయ్య అనుకునేలోపు ఇద్దరం గోడ చూశాం. నేను రాసిన అ ఆ ఇ ఈలన్నీ తిరగబడి ఉన్నాయి.

"అక్షరాలు నేర్పే వీడియోలో అక్షరాలే తిరగబడితే ఎట్టాగండీ" అని తల పట్టుకున్నారు. పాట మళ్ళీ తీయాల్సిందే. అప్పటికప్పుడు ఫోన్ చేసి హారికని పిలిపించారు. ఆదివారం గనక ఇంట్లోనే ఉంది, గంటలో వచ్చింది. వచ్చీ రాగానే ఆయన అందుకున్నారు. టీచర్గారంత అనుభవం ఉన్న మనిషి పది రోజులు నేర్పితే శ్రద్ధగా నేర్చుకోలేదని, దాని అజాగ్రత్త వల్ల పరువు పోయిందని, ఇకపై వేరే అమ్మాయిని చూసుకోవాల్సి వస్తుందని.

హారిక తలెత్తింది. నా వంక చూసింది. కోపంగా కాదు, నేనేమైనా చెబుతానేమో అని చూసినట్టు. నేను ఏప్రిల్లో కోరుకున్నదంతా అచ్చం అలాగే నా కళ్ళ ముందు జరుగుతోంది. మువ్వక్కకు ఏమీ రాదంటున్నారు, ఎస్తేరు టీచర్ గొప్పదంటున్నారు. ఇంకొక్క నిమిషం కుక్కిన పేనులా కూర్చుంటే చాలు, ఆ చోటు ఖాళీ అయ్యేది. నాకు కనబడింది మాత్రం పప్పన్నం బాక్సూ, తొడల కింద పెట్టుకున్న రెండు చేతులూ.

"ఆ అమ్మాయి తప్పు కాదండీ" అన్నాను. "తిప్పి చెయ్యాలా అని నన్ను అడిగింది. వద్దన్నది నేనే."

"అదేంటండీ, ఎందుకు?"

"కుళ్ళు" అన్నాను.

ఆయన నన్ను, దాన్ని మార్చి మార్చి చూసి, టీ చెప్పొస్తానని బయటికి వెళ్ళిపోయారు. గదిలో ఇద్దరమే మిగిలాం. లాస్య సంగతి మొత్తం చెప్పాను. వేళ్ళ సంగతి చెప్పేటప్పుడు హారిక కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. చాలాసేపు మువ్వల మూట విప్పుతూ, కడుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీ క్లాసు చూసొచ్చిన రోజు ఇంటికెళ్ళి ఏడిచాను మేడమ్" అంది చివరికి. "మీ ముందు పిల్లలుంటారు. తప్పు చేస్తే అప్పుడే మీకు తెలిసిపోద్ది. నా ముందు లైటుంటది. నన్ను చూసి ఎగిరే పిల్లల్ని నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు."

నేను దాన్ని చూసి కుళ్ళుకున్నన్నాళ్ళూ అది నన్ను చూసి అలా అనుకుంటోందని నాకు తట్టనే లేదు. క్షమించమని అడిగాను. "సరే మేడమ్" అంది. వరండాలో అన్న మాటే అది, కానీ ఈసారి నమ్మి అన్నట్టు లేదు. అందులో అన్యాయమేమీ లేదు.

షూటింగ్ అప్పుడే మొదలుపెట్టారు. కానీ హారికకి చెయ్యి తిరగడం లేదు. నెలల తరబడి ఇంట్లో అద్దం ముందు ఆ పాట అలాగే చేసి ఉండటంతో ఒళ్ళు అలవాటు పడిపోయింది. పాట రాగానే నిజం కుడి చెయ్యే లేస్తోంది. మూడుసార్లు చెడింది. నాలుగోసారికి ఆగి నన్నడిగింది, కెమెరా వెనక నిలబడి చెయ్యమని. నన్ను చూస్తూ చేస్తానంది, పిల్లలు చూసి చేసినట్టు.

కెమెరా వెనక స్టూలు వేస్తే ఎక్కి నిలబడ్డాను. పాట పెట్టారు. నా ఎడం చెయ్యి లేచింది, అలవాటు. నన్ను చూసి హారిక కుడి ఎత్తేసింది. మళ్ళీ తప్పు. అప్పుడు తెలిసింది, ఈసారి నేను తిప్పకూడదు, ఉన్నదున్నట్టే చెయ్యాలి. నా కుడి చూసి అది ఎడం ఎత్తాలి, దాని ఎడం చూసి ఇంట్లో పిల్లలు కుడి ఎత్తాలి. పెద్దయ్యాక ఒకళ్ళ ఎదురుగా నిలబడి "కుడి చెయ్యి" అంటూ నిజం కుడి చెయ్యి ఎత్తడం అదే మొదటిసారి. ఇద్దరం రెండుసార్లు తడబడి, మూడోసారికి నవ్వాం. తర్వాత కుదిరింది. నా మోకాళ్ళు మానేసిన గెంతు కూడా స్టూలు దిగి ఒక్కసారి గెంతాను, అది ఎత్తుగా గెంతాలని. ఆ వీడియోలో నేను ఎక్కడా కనబడను.

కొత్త పెన్‌డ్రైవ్‌లు షాపులకు పంపించారు. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ నేనే తిరిగి పాతవి తీసుకుని కొత్తవి ఇచ్చాను. మొదట సుబ్బమ్మ ఇంటికే వెళ్ళాను. ఆవిడ అడిగినదానికి అప్పుడు జవాబు చెప్పాను. ఆవిడ ఆ రోజు మంచినీళ్ళు ఇవ్వలేదు. లాస్య కుడి చేతికి ఎర్రదారం కట్టి, దారం ఉన్న చెయ్యి అన్నం చెయ్యి అని చెప్పుకుంటూ వచ్చాం. సరికావడానికి ఎండాకాలం దాకా పట్టింది. వేరే ఊళ్ళలో పాత వీడియో ఇంకా ఎన్ని ఇళ్ళలో ఆడుతోందో, ఎంతమంది పిల్లలు చెప్పిన మాట విన్నందుకు దెబ్బలు తింటున్నారో నాకు తెలియదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చెప్పమంటే ఇది చెబుతాను. నేను హారిక మీద వేసిన దెబ్బ వెళ్ళి లాస్య వేళ్ళ మీద పడింది. మా పనిలో ఎవరి మీద ఏ కచ్చ ఉన్నా చివరికి అది పడేది పిల్లల మీదే. అందుకని ఇప్పుడు కొత్తగా వచ్చే టీచర్లకు చేతులు తిప్పడం ఆఖర్న చెప్పడం మానేశాను. మొదటిరోజు, మొదటి గంటలో చెప్పేస్తాను. నాకు వాళ్ళ మీద కుళ్ళు పుట్టడానికి ముందే చెప్పేయాలని.

కుళ్ళు పోయిందా అంటే పోలేదు. నెలకోసారి హారికని మా క్లాసుకి రమ్మంటున్నాను, దాని ముందు కూడా పిల్లలుండాలి కదా. వచ్చిన ప్రతిసారీ పిల్లలు నన్ను వదిలేసి దాని మీద పడతారు. కిందటి నెల లాస్య నా కొంగు పట్టుకుని లాగి, "టీచర్, మువ్వక్క నీకన్నా బాగా ఎగిరిద్ది" అని చెప్పింది. కడుపు మండింది. "అవును తల్లీ" అన్నాను. పిల్లలంతా నిలబడ్డారు. నేను వెనక గోడ దగ్గర, ఒకప్పుడు హారిక కూర్చున్న చిన్న కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఎదురుగా హారిక "కుడి చెయ్యి" అంటూ ఎడం చెయ్యి ఎత్తింది. పిల్లల కుడి చేతులు లేచాయి, ఎర్రదారం ఉన్న చెయ్యి అందరికంటే ముందు లేచింది. నా చెయ్యి కూడా నాకు తెలియకుండానే లేచింది. చూసుకున్నాను, కుడిదే.